ఇంటి లెక్క ఎవరి లెక్క?



ఈ పర్యాయము మేము వ్రాయబోవు సంగతి పైకి చాల చిన్నదిగా కనబడును. నాలుగవ తరగతి బిడ్డ పది గుణకారపు లెక్కలు ఇంటికి తెచ్చినాడు. ఏడు చేసినాడు, మూడు రాలేదు. రాత్రి తొమ్మిదిన్నర అయినది, బిడ్డకు కన్నులు మూతలు పడుచున్నవి. తండ్రి పెన్సిలు పుచ్చుకొని ఆ మూడింటికి జవాబులు వ్రాసియిచ్చిన తప్పేమి? ఇది మమ్ములను పలువురు అడిగిన ప్రశ్నయే. వారిలో ఒక సహోదరుడు ఇట్లనెను: "సార్, నేనేమి దొంగతనము చేసినానా? ఎవరి మీదనైనా అబద్ధము చెప్పినానా? బిడ్డ నిద్రపోవాలని నాలుగు అంకెలు వేసినాను. దీంట్లో పాపము ఎక్కడుంది?"

ఆయన ప్రశ్నను త్రోసివేయుటకు వీలులేదు. కోలారు గనుల ప్రాంతములో 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత ఎందరో తెల్లవారక మునుపే మారికుప్పములో రైలెక్కి బెంగుళూరికి పనికి పోయి, చీకటిపడిన తరువాత ఇల్లు చేరుకొనుచున్నారు. షోలాపురములో మగ్గముల దగ్గర పనిచేయు మనవారికి కూడ సాయంకాలము ఖాళీ దొరకదు. అట్టి తండ్రికి బిడ్డ దగ్గర కూర్చుండుటకు ఉన్నది అరగంట. ఆ అరగంటలో ప్రేమను ఎట్లు చూపవలెనో ఆయనకు తోచినట్లు చూపినాడు. కనుక "అది మోసము" అని ఒక్క మాటతో తీర్పు చెప్పువారితో మేము ఏకీభవించము. అయినను ఆ పెన్సిలు తండ్రి చేతిలోనికి పోరాదనియే మా అభిప్రాయము. ఎందుకో చెప్పెదము.

ఇంటిపని అనునది బిడ్డ తన ఉపాధ్యాయునికి వ్రాయు జాబు వంటిది. ఆ జాబులో వ్రాయవలసిన సమాచారము ఒక్కటే: నాకు ఇంతవరకు వచ్చినది, ఇక్కడ రాలేదు. తప్పు జవాబు ఆ జాబులో అన్నిటికంటె విలువగల వాక్యము. ఇది మాటవరుసకు చెప్పుచున్నది కాదు, లెక్కతోనే చూపెదము.

27ను 14తో గుణించుమన్నారు. బిడ్డ ముందు 27ను 4తో గుణించి 108 వేసినాడు. తరువాత 1తో గుణించి 27 వేసినాడు. రెండును కూడి 135 అని వ్రాసినాడు. సరియైన జవాబు 378. చూచినవారు "బుర్ర లేదు" అందురు. కాని బిడ్డ గుణకారములో ఎక్కడను తప్పలేదు. నాలుగవ ఎక్కము వచ్చును, కూడిక వచ్చును. వాడు తప్పినది ఒక్కచోటనే: 14లోని 1 అనగా ఒకటి కాదు, పది అని వానికి ఇంకను పట్టుబడలేదు. 270 వేయవలసినచోట 27 వేసినాడు. మరియొక బిడ్డ 36ను 7తో గుణించి 492 అని తెచ్చినాడు. ఆరేళ్ళు నలభై రెండు, 2 క్రింద వేసి 4 పైన పెట్టినాడు. అంతవరకు బాగున్నది. తరువాత మూడును ఏడుతో గుణించి నాలుగు కలుపుటకు బదులు, ముందే నాలుగు కలిపి ఏడు చేసి, ఆ ఏడును ఏడుతో గుణించి 49 వేసినాడు. రావలసినది 252. ఈ ఇద్దరి జబ్బులు వేరు, మందులు వేరు. నోటుపుస్తకములో 378 అనియు 252 అనియు తండ్రుల చేతివ్రాతతో పోయిన, ఉపాధ్యాయునికి ఇద్దరును ఆరోగ్యవంతులుగానే కనబడుదురు. వైద్యుని యొద్దకు పోవునప్పుడు జ్వరపు గుర్తులు కనబడకుండ బిడ్డకు ముఖము కడిగి పౌడరు పూసి పంపినట్లు.

ఈ సందర్భములో గాంధీగారి ఆత్మకథలోని ఒక సంగతి అందరికి తెలిసినదే. రాజకోట ఉన్నత పాఠశాలలో ఆయన మొదటి సంవత్సరము చదువుచుండగా, జైల్సు అను ఇన్స్పెక్టరు తనిఖీకి వచ్చి అయిదు ఇంగ్లీషు మాటలు వ్రాయించినాడు. అందులో 'కెటిల్' అను మాటను బాలుడు తప్పు వ్రాసినాడు. ఉపాధ్యాయుడు బూటుకాలితో సైగ చేసి, ప్రక్కవాని పలక చూచి దిద్దుకొనుమని సూచించినాడు. బాలునికి ఆ సైగ అర్థము కాలేదు. ఉపాధ్యాయుడు ఉన్నది చూచి వ్రాయకుండ కాపలా కాయుటకే గదా అని అనుకొనెను. తక్కిన వారందరు అన్ని మాటలును సరిగా వ్రాసిరి, ఈయన ఒక్కడే తెలివితక్కువవాడుగా తేలినాడు. ఈ కథను సత్యసంధతకు ఉదాహరణగా బడులలో చెప్పుదురు, మంచిదే. మేము మరియొక వైపు కూడ చూచుచున్నాము. ఆనాడు ఆ ఇన్స్పెక్టరు తరగతి నుండి ఏమి తెలిసికొని వెళ్ళినాడు? ఎవరికి ఏమి వచ్చునో ఆయనకు నిజముగా తెలిసినది ఆ ఒక్క పలకవలననే. (అదే పుస్తకములో గాంధీగారు పోరుబందరులో ఎక్కములు నేర్చుకొనుట తనకు కష్టమైనదని కూడ వ్రాసికొన్నారు. ఎక్కములు రాని బిడ్డలను చూచి గుండెలు బాదుకొను తల్లులు ఇది జ్ఞాపకముంచుకొనవచ్చును.)

ఇంతకంటె చాల ప్రాచీనమైన ఉదాహరణము గ్రీకు దేశములో ఉన్నది. ప్లేటో వ్రాసిన 'మేనో' అను సంభాషణలో సోక్రటీసు ఒక బానిస బాలుని పిలిచి నేలమీద చతురస్రము గీసి చూపినాడు. ప్రక్క రెండు అడుగులు, వైశాల్యము నాలుగు అడుగులు. దీనికి రెట్టింపు, అనగా ఎనిమిది అడుగుల చతురస్రము కావలెను, ప్రక్క ఎంత ఉండవలెను? బాలుడు వెంటనే, ప్రక్కను కూడ రెట్టింపు చేయవలెను, నాలుగు అన్నాడు. సోక్రటీసు తప్పని చెప్పలేదు. గీసి లెక్కపెట్టించినాడు. నాలుగు నాలుగులు పదహారు. ఎక్కువైనది. అయితే మూడు అన్నాడు. మూడు మూళ్ళు తొమ్మిది. అదియు ఎక్కువే. అప్పుడు బాలుడు తనకు తెలియదని ఒప్పుకొన్నాడు. ఇప్పుడు వీనికి మనము కీడు చేసితిమా, మేలు చేసితిమా అని సోక్రటీసు అతని యజమానుని అడుగుచున్నాడు. తెలియకుండనే తెలియునని అనుకొన్నవాడు ఇప్పుడు తెలియదని ఎరిగి, వెదకుటకు సిద్ధముగా ఉన్నాడు. అది మేలే అని ఇద్దరును ఒప్పుకొందురు.

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన కాలములో ఈ కథను ప్రశ్నోత్తర పద్ధతికి మాదిరిగా చెప్పెడివారు. కాని మాకు దానిలో మొదటి సగము నచ్చినట్లు రెండవ సగము నచ్చదు. ఎందుకనగా, ఆ తరువాత మూలనుండి మూలకు కర్ణము గీసి చూపినది సోక్రటీసే. బాలుడు చాలమట్టుకు ఔను, ఔను అని తల ఊపినాడు. జవాబును ప్రశ్నలో దాచిపెట్టి అడిగిన బిడ్డ ఔననక ఏమి చేయును? మన ఇండ్లలో జరుగునదియు ఇదే. "ఏడు ఎనిమిదులు యాభై... యాభై... ఆరు కదా నాన్నా?" "ఔను." "చూచినావా, వానికి వచ్చును, నేనేమియు చెప్పలేదు!" ఇది పెన్సిలుతో వ్రాసియిచ్చుటకంటె కొంచెము అధ్వాన్నమని కూడ మేము చెప్పుదుము. వ్రాసియిచ్చిన తండ్రికి తాను వ్రాసియిచ్చినానని తెలిసియుండును. ఇచ్చట తల్లికి కూడ తెలియదు. (ఆ సంభాషణలో ఆ బాలునికి పేరు కూడ లేదు. యజమానునికి పేరున్నది, పుస్తకమునకు ఆ పేరే పెట్టినారు. అది వేరే సంగతి.)

అయితే ఏదియు చెప్పకూడదా? అట్లు కాదు. ఎక్కము చెప్పవచ్చును. ఏడు ఎనిమిదులు యాభై ఆరు అని బిడ్డకు పదిసార్లయినను చెప్పవచ్చును. అది కాకిని చూపి కాకి అని చెప్పుటవంటిది, అందులో మనము లాగుకొన్న కష్టము లేదు. మరచిపోయిన దినమున ఏడు అయిదులు ముప్పై అయిదు, ఏడు మూళ్ళు ఇరవై ఒకటి, రెండును కలిపిన యాభై ఆరు అని దారి చూపిన ఇంకను మంచిది. లెక్క చేయు విధానమును కూడ చూపవచ్చును, మరియొక లెక్క మీద. బిడ్డకు 27ను 14తో గుణించుట రాకపోయిన, మనము వేరే కాగితము మీద 23ను 12తో గుణించి చూపవలెను. ఇరవై మూడు రెళ్ళు నలభై ఆరు, ఇరవై మూడు పదులు రెండు వందల ముప్పై, కలిపిన 276 అని పైకి చెప్పుచు మొత్తము మనమే చేయవచ్చును. అది మన లెక్క అని బిడ్డకు తెలియును. తరువాత కాగితము ప్రక్కకు పెట్టి, పుస్తకములోని లెక్కను బిడ్డకు వదలిపెట్టవలెను. వచ్చిన వచ్చినది, రానియెడల రానట్లే వ్రాసి పంపవలెను. ఆదివారపు బడిలో కంఠత వాక్యము చెప్పు దినమున వెనుక బెంచీ నుండి తల్లి పెదవులు కదలించుట మనము చూచుచునే ఉన్నాము. ఇంట్లో వందసార్లు చెప్పించుట ఆమె హక్కు. నిలువబడినప్పుడు మాత్రము బిడ్డనే నిలువనియ్యవలెను.

ఇప్పుడు అసలు చిక్కైన ఆక్షేపణకు వచ్చెదము. "తప్పును తప్పుగానే పంపుమనుచున్నారు. ఆ తప్పుకు బిడ్డను కొట్టినయెడల? అందరిలో నిలువబెట్టి నవ్వించినయెడల?" నిర్బంధ విద్యాహక్కు చట్టము 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. దాని 17వ సెక్షను ప్రకారము బిడ్డను శారీరకముగా శిక్షించుటయు, మానసికముగా వేధించుటయు నిషేధము. కాని చట్టము పుస్తకములో ఉండగనే బెత్తము బల్లమీద ఉన్న తరగతులును ఉన్నవని తల్లిదండ్రులకు తెలియును. దెబ్బకు భయపడి జవాబు వ్రాసియిచ్చిన తండ్రిని, తన బిడ్డ మొదటి ర్యాంకులో ఉండవలెనని వ్రాసియిచ్చిన తండ్రితో సమానముగా మేము ఎంచము. బెత్తమునకు అడ్డము చెయ్యి పెట్టుట తండ్రికి ధర్మమే. అయితే ఆ అడ్డము ఒక్క రాత్రికే పనిచేయును. రేపు నల్లబల్ల దగ్గరకు పిలిచిన దినమున తండ్రి చెయ్యి అక్కడ ఉండదు. అప్పుడు పడు దెబ్బ ఎక్కువ, ఎందుకనగా "ఇంట్లో చేసినవాడివి ఇక్కడ ఎందుకు చేయవు?" అను నింద దానికి తోడగును.

కనుక అడ్డము పెట్టవలసినది నోటుపుస్తకములో కాదు, బడి వాకిట. ఇది చెప్పుట సులభము, కూలిపని మానుకొని పోవుట సులభము కాదని ఎరుగుదుము. పోయినను ఉపాధ్యాయునితో కన్నడములోనో, తమిళములోనో, ఒరియాలోనో గట్టిగా మాటలాడలేక మన పెద్దలు చేతులు కట్టుకొని తిరిగివచ్చుచున్నారు. ఈ పనికి మన సంఘములలో చదువుకొన్న యౌవనులు లేరా? అక్కడే పుట్టి ఆ భాషలోనే డిగ్రీ చదివినవారు ఉన్నారు. ఒక తండ్రికి తోడుగా ఒకరు పోయి పది నిమిషములు మర్యాదగా మాటలాడిన చాలును. పెండ్లి పందిరి వేయుటకు ఇరువదిమంది వచ్చుచున్నాము, దీనికి ఒక్కరు రాలేరా?

పోలేనివారికి చిన్న ఉపాయము ఒకటి. బిడ్డ ప్రయత్నించి ఆగిపోయిన లెక్క చుట్టు పెన్సిలుతో ఒక సున్న చుట్టి, క్రింద సంతకమో వేలిముద్రయో వేసి పంపవలెను. "మా ఇంట్లో వాడు కూర్చున్నాడు, ప్రయత్నించినాడు, ఇక్కడ ఆగినాడు, మేము చూచినాము" అని దానికి అర్థము. ఏ భాషయు రానక్కరలేదు. బిడ్డ సోమరితనముచేత వదలిపెట్టలేదని ఉపాధ్యాయునికి తెలియును. సగము కోపము అక్కడనే తగ్గును. నిద్ర సంగతి కూడ ఇక్కడనే తీరుచున్నది. తొమ్మిదిన్నర అయిన సున్న చుట్టి బిడ్డను పండుకొనబెట్టవచ్చును. రెండవ తరగతి వరకు ఇంటిపనియే ఉండరాదని, మూడు నుండి అయిదు తరగతులకు వారమునకు రెండు గంటలకు మించరాదని కేంద్ర ప్రభుత్వపు 2020 నాటి బడిసంచుల విధానములో ఉన్నది. అంతకుముందు 2018లో మద్రాసు హైకోర్టు కూడ ఒకటి, రెండు తరగతుల బిడ్డలకు ఇంటిపని ఇయ్యరాదని ఆదేశించినది. బిడ్డను అర్ధరాత్రి వరకు కూర్చుండబెట్టుమని ఎవరును చెప్పలేదు.

ఇంకొక మాట, ఇది మన వలస కుటుంబములకు ప్రత్యేకమైనది. "నాకు చదువు రాదు, వచ్చినను తెలుగే వచ్చును, బిడ్డ బడిలో వేరే భాష, నేనేమి నేర్పగలను?" అని వెనుకకు తగ్గువారు అనేకులు. అట్టివారే ట్యూషనుకు పంపుచున్నారు, ఈ మధ్య ఫోను కెమెరా లెక్కమీద పెట్టి జవాబు తీసుకొనుమని చెప్పుచున్నారు. పాపము, వారు తమ చేతిలోని ధనమును గుర్తించుట లేదు. బిడ్డ కన్నడములో మగ్గి చదువును, తమిళములో వాయ్‌పాడు, ఒరియాలో పణికియా, మరాఠీలో పాఢే. అన్నియు మన ఎక్కములే. అయితే అంకెల పేర్లలో ఒక భేదమున్నది. తెలుగులో ఇరవై రెండు అనగా ఇరవై, దానిమీద రెండు. కన్నడములోను తమిళములోను అట్లే పది ముందు వచ్చును. మరాఠీలో 'బావీస్', ఒరియాలో 'బాయిశి' అనునప్పుడు రెండు ముందు, ఇరవై వెనుక, రెండును కలిసిపోయి విడదీయరానట్లు ఉండును. ఈ కష్టము మహారాష్ట్ర ప్రభుత్వమునకే తెలిసి, 2019లో రెండవ తరగతి లెక్కల పుస్తకములో 'వీస్ దోన్' అని, అనగా మన ఇరవై రెండు వలెనే, చెప్పు పద్ధతిని కూడ పెట్టినారు. దానిమీద పెద్ద వివాదమే జరిగినది. షోలాపురములోని మన అవ్వ మాత్రము పుట్టినది మొదలు అట్లే లెక్కపెట్టుచున్నది!

పైన చెప్పిన 27, 14 లెక్కనే చూడుడు. ఇంగ్లీషులో ఫోర్టీన్ అన్న నాలుగు ముందు వినబడును. మరాఠీ చౌదాలో పది వినబడనే వినబడదు. తెలుగులో పద్నాలుగు అనుమాటలోనే పది కూర్చున్నది. కోడిగ్రుడ్లు అమ్ము అవ్వను అడుగుడు, గ్రుడ్డు లెక్కన కాక అట్ట లెక్కన అడిగినను చెప్పును. ఇరవై ఏడు అట్టలు, అట్టకు పద్నాలుగు రూపాయలు లాభమైన ఎంత? ఆమె కాగితము తీయదు. "ఇరవై ఏడు పదులు రెండు నూర్ల డెబ్బై, ఇరవై ఏడు నాలుగులు నూట ఎనిమిది, మూడు నూర్ల డెబ్బై ఎనిమిది" అనును. బిడ్డ పుస్తకములో పోగొట్టుకొన్న పది ఆమె నోటిలో పదిలముగా ఉన్నది. ఆమె చేయవలసినది జవాబు చెప్పుట కాదు. "నాయనా, ఈ పద్నాలుగులో పది ఎక్కడ పోయింది?" అని ఒక్క ప్రశ్న అడిగి ఊరకుండుటయే. ఊరకుండుట కష్టము, అది మాకును తెలియును. బిడ్డ మౌనముగా ఉన్న ఒక్క నిమిషము పెద్దలకు పది నిమిషములుగా తోచును. ఆ నిమిషములో మాటలాడకుండుటకే శిక్షణ కావలెను, ఎక్కములకు కాదు.

చివరగా ఒక తండ్రి అడిగినది: "మీరు జాబు అంటున్నారు గదా సార్, ఆ జాబు చదివే నాథుడే లేకపోతే?" అరవైమంది ఉన్న తరగతిలో పుస్తకములు కట్టలుగా వచ్చును, ప్రతి పేజీకి ఒక టిక్కు పడి కట్టలుగా పోవును. 135కును టిక్కే, 378కును టిక్కే. మేము ఎర్రసిరాతో టిక్కు పెట్టిన 135లను మా కండ్లతో చూచినాము. అట్టి చోట ఆ జాబు చదువువారు ఇంటిలోనే ఉండవలెను. వారమునకు ఒకసారి, ఆదివారము ఆరాధన అయి భోజనము చేసిన తరువాత, బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఆ వారపు పేజీలు తిప్పవలెను. టిక్కులను చూడవద్దు. ఒక లెక్క మీద వ్రేలు పెట్టి, "ఇది ఎట్లా చేసినావో నాకు చెప్పు" అనవలెను. సరిగా చేసినదాని మీద కూడ వ్రేలు పెట్టవలెను, లేనియెడల మన వ్రేలు పడిన చోటనే తప్పున్నదని బిడ్డ కనిపెట్టును. చదువురాని అవ్వయైనను ఇది చేయవచ్చును. బిడ్డ చెప్పునప్పుడు ఎక్కడ గొంతు తగ్గించి గబగబ చెప్పునో అక్కడనే వానికి తెలియలేదని ఆమెకు మనకంటె ముందు తెలియును.